ఆరోగ్య బీమా పద్దులు: అవి చెప్పునవి, చెప్పనివి

పల్లెలోని పచారీ కొట్టు ఖాతా పుస్తకమును ఎప్పుడైనను తీరికగా తిరుగవేసి చూచితిరా? ఏ యింటివారు ఏ నెలలో ఎంత కందిపప్పు, ఎంత బెల్లము, ఎంత నూనె అరువుగా పట్టుకొనిపోయిరో అందులో తేదీలతో సహా ఉండును. సంక్రాంతి నెలలో బెల్లము పద్దు పెరుగును. కోతలకు ముందటి నెలలలో బాకీ పెరుగును. పెండ్లి జరిగిన యింట సరకు నాలుగింతలగును. తెలివిగలవాడు ఆ పుస్తకమును ముందు పెట్టుకొని ఆ యూరి మంచిచెడ్డలను గూర్చి ఎంతో చెప్పగలడు.

కాని ఆ పుస్తకమునకు తెలియనివియు ఉన్నవి. పెరటిలో కాచిన బీరకాయలు అందులో లేవు. సంతలో రొక్కమిచ్చి కొన్న కూరలు లేవు. అప్పు పుట్టని యింటివారి పేరే లేదు. తెచ్చిన పప్పు ఎవరి కంచములో పడినదో, ఎవరు పస్తు పండుకొనిరో అది చెప్పదు. ఏలయన ఆ పుస్తకమును వ్రాసినది ఊరివారి భోజనమును తెలిసికొనుటకు కాదు. బాకీ వసూలు చేసికొనుటకు.

ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకముల కింద ఆసుపత్రులు పంపు క్లెయిములు కూడ ఇట్టి ఖాతా పుస్తకమే. అందలి పద్దులు నేడు లక్షలు దాటి కోట్లకు చేరినవి. వైద్య పరిశోధకులు, ఆర్థిక శాస్త్రజ్ఞులు, ప్రభుత్వాధికారులు ఈ పద్దులను ముందిడుకొని ప్రజల ఆరోగ్యమును గూర్చి నిర్ణయములు చేయుచున్నారు. ఆ నిర్ణయములు మన యిండ్ల వరకు వచ్చును. ఏ చికిత్సకు డబ్బు ఇయ్యవలెను, ఏ జిల్లాలో ఆసుపత్రి కట్టవలెను, ఏ రోగమును ముందు పట్టించుకొనవలెను అను ప్రశ్నలకు సమాధానము ఈ పద్దులలో వెదకుచున్నారు. కావున ఈ పుస్తకము దేనికి సాక్ష్యమిచ్చునో, దేనికి ఈయజాలదో సామాన్య గృహస్థులును తెలిసికొనదగిన విషయమని మా అభిప్రాయము.

మనకు దగ్గరి ఉదాహరణముతోనే మొదలు పెట్టుదము. 2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో అనంతపురము, మహబూబ్‌నగరము, శ్రీకాకుళము జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనది. మరుసటి యేడు అది రాష్ట్రమంతటికిని విస్తరించినది. తెల్ల రేషను కార్డు గల కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయల వరకును, అవసరమైనచో మరి యేబది వేల వరకును ఆసుపత్రి ఖర్చును ప్రభుత్వమే భరించునని నాటి ఏర్పాటు. 2014లో రాష్ట్రము రెండైన తరువాత రెండు ప్రభుత్వములును పథకమును కొనసాగించినవి. తెలంగాణములో దానిని రాజీవ్ ఆరోగ్యశ్రీయనియే పిలుచుచున్నారు. ఆంధ్రప్రదేశములో 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అనుచున్నారు. దేశమంతటికిని ఉద్దేశించిన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న ఆరంభమైనది. అందు కుటుంబమునకు ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు రక్షణ కలదు.

ఒక పద్దు ఎట్లు పుట్టునో చూడుడు. రోగి కార్డు పట్టుకొని ఆసుపత్రికి వచ్చును. అక్కడ కూర్చున్న ఆరోగ్యమిత్ర పేరు, వయస్సు, ఊరు, కార్డు సంఖ్య నమోదు చేయును. వైద్యుడు పరీక్షించి, పథకములో ధర కట్టియున్న చికిత్సలలో ఏది వర్తించునో నిర్ణయించును. ఎక్స్‌రే మొదలగు ఆధారములతో అనుమతి కొరకు అర్జీ పోవును. అనుమతి వచ్చిన పిదప చికిత్స జరుగును. రోగి ఇంటికి పోవునపుడు ఆసుపత్రి క్లెయిము పంపును. ట్రస్టు వారు పరిశీలించి డబ్బు చెల్లింతురు. ఈ యొక్కొక్క మెట్టు దగ్గర ఒక తేదీ, ఒక సంఖ్య, ఒక పేరు మిగిలిపోవును. అట్లు మిగిలిపోయినదే పరిశోధకునకు పెన్నిధి.

కొన్నేండ్ల క్రిందట ఒక ఆరోగ్య కార్యక్రమము కొరకై రికార్డింగు యంత్రముతో మేమొక జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి పోయితిమి. వరండాలో ఒక ముసలామె మూట పెట్టుకొని కూర్చుండెను. ఆమె భర్త లోపల మంచముపై ఉండెను.

“పెద్దాయనకు ఏమైందమ్మా?” అని అడిగితిమి.

“తుంటి యిరిగింది నాయనా. తెల్లారుజామున లేసి, కండ్లు తిరిగి వాకిట్లో పడిపోయినాడు.”

“అంతకు ముందు కూడ కళ్లు తిరిగేవా?”

“బీపీ మాత్రలు అయిపోయి రెండు నెల్లయింది నాయనా. టౌనుకు పోవాల, బస్సు చార్జీ, మాత్రల కరీదు. రేపు పోదాం, మాపు పోదాం అని జరిపినాము.”

ప్రక్కనే ఉన్న ఆరోగ్యమిత్రను, “ఈ మాత్రల సంగతి మీరు రాసుకుంటారా?” అని ప్రశ్నించితిమి. అతడు కంప్యూటరు తెర మావైపు త్రిప్పి, “దానికి గడి లేదు సార్. తుంటి విరుగుడు, ఆపరేషను, వయసు, ఊరు, కార్డు నెంబరు, అంతే,” అనెను.

ఆ మనిషి తప్పు చేయలేదు. అతని పుస్తకములో ఉండవలసినవన్నియు ఉన్నవి. వాటితోనే ఆ వృద్ధునకు పైసా ఖర్చు లేకుండ శస్త్రచికిత్స జరిగినది. అది చిన్న మేలు కాదు. కాని ఆ తుంటి ఏల విరిగినదో ఆ పుస్తకము ఎన్నటికిని చెప్పదు. ఈ యొక్క సంగతిని మనస్సులో ఉంచుకొని, ముందు ఈ పద్దుల వలన కలుగు లాభములను చూతము.

మొదటి లాభము వాటి విస్తృతి. ఒక వైద్యుడు తన జీవితములో చూచిన రోగులు వేలలో ఉందురు. ఇల్లిల్లు తిరిగి అడుగు చిన్న సర్వేలో కొన్ని వేల కుటుంబములకు మించుట కష్టము. ఈ పద్దులు లక్షలు. ఆరోగ్యశ్రీ పద్దులనే ఆధారముగా గొని 2008 నడుమ నుండి 2012 నడుమ వరకు జరిగిన శస్త్రచికిత్సలను కొందరు పరిశోధకులు లెక్కించి 2015లో ప్రకటించిరి. ఆ నాలుగేండ్లలో సుమారు 6 లక్షల 77 వేల మంది శస్త్రచికిత్స కొరకు ఆసుపత్రులలో చేరిరి. వారిలో నూటికి 80 మంది ప్రైవేటు ఆసుపత్రులకే పోయిరి. నూటికి 56 మంది పురుషులు. అందరి కంటె హెచ్చుగా, నూటికి 27 మంది, దెబ్బలు తగిలి చేరినవారు. చేసిన చికిత్సలలో విరిగిన యెముకలను సరిచేయుటయే అగ్రస్థానములో ఉన్నది.

ఈ నాలుగు అంకెలలో ఎంత సంగతి ఉన్నదో యోచింపుడు. దెబ్బలతో వచ్చువారే అధికులని తెలిసిన ప్రభుత్వమునకు రోడ్డు ప్రమాదములు, ఎముకల వైద్యులు, రక్తనిధులు అను విషయములపై దృష్టి మరలవలెను. స్త్రీల సంఖ్య తక్కువగా నున్నదని తెలిసినపుడు, స్త్రీలకు జబ్బులు తక్కువా, లేక ఇంటిలో వారి జబ్బుకు పట్టింపు తక్కువా అను ప్రశ్న పుట్టవలెను. పద్దు సమాధానము చెప్పకున్నను, అడుగవలసిన ప్రశ్నను మన ముందు పెట్టినది.

రెండవ లాభము, పద్దు మరచిపోదు. ఇంటికి వచ్చి “గత సంవత్సరము ఆసుపత్రికి ఎంత ఖర్చుపెట్టితిరి?” అని అడిగినచో మనము జ్ఞాపకమున్నంత మేరకు చెప్పుదుము. పద్దులో తేదీ చెడదు, మొత్తము మారదు. మూడవ లాభము, అరుదైన హానిని పట్టుటకు ఇంతటి పెద్ద రాశి కావలెను. పదివేల మందిలో పది మందికి కలుగు కీడును ఒక ఆసుపత్రి పసిగట్టలేదు.

దీనికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతము ప్రసిద్ధము. అక్కడ వృద్ధులకు మెడికేర్ అను ప్రభుత్వ బీమా 1966 నుండి అమలులో నున్నది. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ రాష్ట్రములలోని ప్రభుత్వ ఔషధ సహాయ పథకముల పద్దులను, మెడికేర్ ఆసుపత్రి పద్దులను జోడించి కొందరు పరిశోధకులు 2004లో ఒక అధ్యయనము ప్రకటించిరి. కీళ్లనొప్పులకు వాడుకలో నున్న రోఫెకాక్సిబ్ అను మాత్ర వేసికొనిన వృద్ధులలో, అదే తరగతికి చెందిన వేరొక మాత్రను వేసికొనిన వారి కంటె గుండెపోటు హెచ్చుగా కనబడుచున్నదని వారు చెప్పిరి. ఆ యేడే సెప్టెంబరు 30న ఆ మాత్రను తయారీదారులు ప్రపంచమంతటను ఉపసంహరించుకొనిరి. అయితే న్యాయముగా చెప్పవలెనన్నచో, ఆ ఉపసంహరణకు వెంటనే కారణమైనవి ఈ పద్దులు కావు. మాత్రను కొందరికి, ఉత్తుత్తి మాత్రను మరికొందరికి ఇచ్చి నడిపిన ఒక క్లినికల్ పరీక్ష. పద్దు అనుమానమును బలపరచెను, పరీక్ష నిర్ధారించెను. ఈ వరుసను మనము మరువరాదు.

తైవాను దీవిలో 1995 నుండి జనులందరికిని ఒకే ప్రభుత్వ బీమా కలదు. రెండు కోట్ల ముప్పది లక్షల జనాభాలో ఇంచుమించు అందరును అందులో ఉన్నారు. కామెర్ల జాతికి చెందిన హెపటైటిస్ బి అక్కడ పెద్ద బెడద. దాని నుండి కాలేయ క్యాన్సరు వచ్చును. క్యాన్సరు గడ్డను కోసి తీసివేసిన నాలుగున్నర వేల పైచిలుకు రోగుల పద్దులను పరిశీలించి, శస్త్రచికిత్స తరువాత వైరసును అణచు మందులు వాడినవారిలో క్యాన్సరు తిరిగి వచ్చుట తక్కువగా నున్నదని 2012లో ప్రకటించిరి. అంత మందిని ఒకచోట చేర్చి ఏండ్ల తరబడి కనిపెట్టుట ఒక ఆసుపత్రికి సాధ్యము కాదు. అయినను ఆ పద్దులలో కోసిన గడ్డ ఎంత పరిమాణము కలదో లేదు; రక్తములో వైరసు ఎంత ఉన్నదో లేదు. మందు వాడినవారు మొదటి నుండియు కొంత మెరుగైన స్థితిలో ఉన్నవారేమో అను సందేహమును పద్దు ఒంటరిగా తీర్చజాలదు.

ఇక లోపముల సంగతి. వాటిలో మొదటిది, పుస్తకములో లేనివాడు ఉన్నట్టు లెక్క కాదు.

ఇందాక చెప్పిన ఆరోగ్యశ్రీ అధ్యయనములో లక్ష మంది లబ్ధిదారులకు ఏడాదికి 259 శస్త్రచికిత్సలు మాత్రమే తేలినవి. ప్రపంచ శస్త్రచికిత్సల స్థితిని విచారించిన లాన్సెట్ సంఘము 2015లో, లక్ష జనాభాకు ఏడాదికి 5,000 శస్త్రచికిత్సలు లక్ష్యముగా ఉండవలెనని సూచించినది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, “మన ప్రజలకు కావలసిన వైద్యములో ఇంచుమించు ఇరువదవ వంతే అందుచున్నది” అని ఎవరైనను వ్రాసినచో అది సరికాదు. ఏలయన ఆ అధ్యయన కాలములో పథకమునందు కంటిశుక్లముల శస్త్రచికిత్స లేదు. కడుపుకోసి కాన్పు చేయుటయు లేదు. మన దేశములో విరివిగా జరుగు శస్త్రచికిత్సలలో ఇవి రెండును ముఖ్యమైనవి. అవి వేరు పథకముల కిందనో, సొంత డబ్బుతోనో జరుగుచుండెను. పొలము అమ్మి చేయించుకొనిన శస్త్రచికిత్సయు ఈ పుస్తకములో లేదు. ఆ పరిశోధకులే ఈ మినహాయింపును స్పష్టముగా వ్రాసిరి. చదువువారు దానిని విడిచి అంకెను మాత్రము పట్టుకొని పోవుటయే ప్రమాదము.

మరొక మాట. ఎముక విరిగినవారందరును ఆసుపత్రికే పోవుదురా? చిత్తూరు సీమలో పుత్తూరు కట్టు ఎంత పేరు పొందినదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆకుపసరు పూసి, వెదురు బద్దలతో కట్టు కట్టించుకొని యింటికి పోయినవాని యెముక ఏ బీమా పుస్తకములోను విరుగలేదు. ఆ కట్టు మంచిదా చెడ్డదా అనుట నేటి విషయము కాదు. ఒక మండలములో ఎముకల పద్దులు తక్కువగా నుండుటకు అచ్చటి జనులు జాగ్రత్తపరులగుట కారణము కావచ్చును, కట్టు కట్టువాడు దగ్గరనుండుట కారణము కావచ్చును, ఆసుపత్రి దూరమగుట కారణము కావచ్చును. పద్దుకు ఈ మూడును ఒక్కటే.

రెండవ లోపము భాగహారములోనిది. పద్దులు పైన వేయు సంఖ్య. క్రింద వేయవలసిన సంఖ్య, అనగా పథకము వర్తించు జనులెందరో, ఖచ్చితముగా తెలియవలెను. ఆరోగ్యశ్రీకి మొదట తెల్ల కార్డే కొలతగా ఉండెను. కార్డులో పేరుండి వలసపోయినవారు, చనిపోయినవారు, పేరు చేరని కోడండ్రు, పసిబిడ్డలు ఎందరో ఉందురు. పోలిచి చూచుకొనుటకు జనగణన కావలెనన్నచో, మనకు చేతనున్నది 2011 నాటిది. 2021లో జరుగవలసినది వాయిదా పడి 2027కు నిర్ణయింపబడినది. క్రింది సంఖ్య చెడినచో పై సంఖ్య ఎంత శుద్ధమైనను ఫలము చెడును.

మూడవ లోపము ఈ పుస్తకము పుట్టుకలోనే ఉన్నది. డబ్బు దేనిని ఆశ్రయించి ఉండునో ఆ గడిని జాగ్రత్తగా నింపుదురు. డబ్బుతో పనిలేని గడిని ఎట్లో ఒకట్లు నింపుదురు. 2023లో పార్లమెంటు ముందుంచిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక దీనికి మంచి దృష్టాంతము. జన ఆరోగ్య యోజన పుస్తకములో సుమారు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకే సెల్‌ఫోను సంఖ్య వ్రాయబడియున్నది. అందు పది అంకెలును తొమ్మిదులే. లబ్ధిదారుని గుర్తించుటకు ఫోను సంఖ్య అవసరము కాదని ప్రభుత్వము సమాధానమిచ్చినది. ఆ సమాధానము నిజమే కావచ్చును. పరిశోధకుడు నేర్వవలసిన పాఠము కూడ అదియే: ఏ గడి అవసరము లేకుండ నిండినదో, ఆ గడిపై సిద్ధాంతము కట్టరాదు.

మరి డబ్బు వ్రేలాడు గడి మాటేమి? అది శ్రద్ధగా నిండును గాని, దానిపై ఆశ కూడ వ్రేలాడుచుండును. ఒకే రోగమునకు రెండు పేర్లు పెట్టవీలున్నపుడు, హెచ్చు ధర గల పేరు వైపు కలము మొగ్గుట మానవ సహజము. అందరును అట్లు చేయుదురని మేము అనుట లేదు. ధర మారిన నెలలోనే ఒక రోగము ఊరంతట హఠాత్తుగా పెరిగినట్లు పుస్తకములో కనబడినచో, ముందుగా ధరల పట్టికను చూడవలెను; అంటురోగమని బెదరిపోరాదు.

నాల్గవది, అవసరమును గూర్చి పద్దు మాటాడదు. తెలుగు స్త్రీలలో గర్భసంచి తొలగించు శస్త్రచికిత్సలు మితిమీరినవను ఆందోళన ఏండ్ల తరబడి ఉన్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో ఇట్టి చికిత్స జరిగినవారు దేశమంతట నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశములో సుమారు తొమ్మండుగురు, తెలంగాణములో సుమారు ఎనమండుగురు. ఈ సంగతి బీమా పద్దుల వలన తేలినది కాదు, ఇల్లిల్లు తిరిగి స్త్రీలనే అడుగుట వలన తేలినది. పద్దులో ఉన్నది శస్త్రచికిత్స జరిగెనను మాట. అది ప్రాణము నిలుపుటకు జరిగినదో, మందుతో తగ్గునదానికి కత్తి పట్టిరో, ఆమెకు అంతయు వివరించి చెప్పిరో లేదో అందులో ఉండదు. మరియు ఒక చికిత్సను పథకము నుండి తొలగించినచో, లేక ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేసినచో, పుస్తకములో ఆ పద్దులు తగ్గును. అంతమాత్రమున చికిత్సలు తగ్గినవని సంతోషింపరాదు. ఆ స్త్రీలు అప్పు చేసి వేరొకచోటికి పోవుచున్నారేమో యింటికి పోయి అడిగినగాని తెలియదు.

అయిదవది, పద్దు ఆసుపత్రి గడప దగ్గర ఆగిపోవును. ఇంటికి పోయిన రోగి మరల నడచెనా, కూలికి పోగలిగెనా, ఆరు నెలలకు బ్రదికియుండెనా? పొగ త్రాగునా, బరువెంత, ఏ పని చేయును? అమెరికా ఉదంతములో సైతము వృద్ధులు అంగటిలో చీటి లేకుండ కొనుక్కొన్న ఆస్పిరిన్ పద్దులలో లేదు. ఇట్టి వాటి వలన ఫలితములు తారుమారు కావచ్చును.

ఇన్ని లోపములున్నవని పుస్తకమును అటకపై పారవేయవలెనా? అది తెలివితక్కువ. దానిని వేరొక సాక్షితో కలిపి వినవలెను. ఆరోగ్యశ్రీ వలన బీదల చేతి ఖర్చు తగ్గెనా అను ప్రశ్న ఉన్నది. ఆసుపత్రికి ట్రస్టు ఎంత ఇచ్చినదో పద్దు చెప్పును. రోగి జేబు నుండి ఎంత పోయినదో చెప్పదు. అందుచేత కొందరు ఆర్థిక శాస్త్రజ్ఞులు కుటుంబ ఖర్చుల జాతీయ సర్వేలను ఆధారముగా గొని, పథకము ముందుగా వచ్చిన జిల్లాలను తక్కిన వాటితో పోల్చి, 2012లో తమ ఫలితములను ప్రకటించిరి. మొదటి తొమ్మిది నెలలలోనే ఆసుపత్రిలో చేరినవారి చేతి ఖర్చు తగ్గినదని వారు కనుగొనిరి. అది శుభవార్త. కాని కుటుంబమును కుదేలు చేయునంతటి భారీ ఖర్చులపై స్పష్టమైన ప్రభావము కానరాలేదని, షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు మేలు తక్కినవారికి అందినంతగా అందలేదని కూడ వారే చెప్పిరి. ట్రస్టు పద్దులలోని మొత్తములు మాత్రము చూచినవానికి ఈ రెండవ సగము తెలియదు.

ఈ పద్దులు ఎవరివి అను ప్రశ్న కూడ మిగిలియున్నది. అవి మనుష్యుల జబ్బులు. తైవానులో తమ సమాచారమును పరిశోధనకు వాడరాదని కొందరు పౌరులు న్యాయస్థానమునకు పోయిరి. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానము 2022 ఆగస్టులో తీర్పు చెప్పుచు, పరిశోధన నిషిద్ధము కాదు గాని, వలదనుకొనిన పౌరుడు తప్పుకొనుటకు చట్టములో త్రోవ లేకుండుట రాజ్యాంగ విరుద్ధమని, మూడేండ్లలో చట్టమును సవరింపవలెనని ఆదేశించినది. మన దేశములో వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టము వచ్చినది. అందు పరిశోధనకు, గణాంకములకు కొన్ని నియమములకు లోబడి మినహాయింపు కలదు. ఉచిత చికిత్స కొరకు వ్రేలిముద్ర వేసిన బీదవానికి తన జబ్బు ఎవరెవరు చదువుదురో తెలియదు. పేరు, ఊరు తుడిచివేసి యిచ్చినను, చిన్న పల్లెలో అరుదైన రోగము గలవానిని గుర్తించుట కష్టము కాదు. కావున పుస్తకమును తెరచువారు ఆ వ్రేలిముద్రను గౌరవింపవలెను. అట్లని పుస్తకమును పూర్తిగా మూసివేసినచో నష్టపడునదియు ఆ బీదవాడే. ఏలయన పథకము ఎక్కడ తప్పినదో వెలికి తీయు మార్గము మూసికొనిపోవును.

మన వంటి గృహస్థులు చేయదగినదేమి? బీమా లెక్కల ప్రకారము ఫలానా రోగము పెరిగినదనియో, ఫలానా మందు మేలు చేసినదనియో పత్రికలో చదివినపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ పుస్తకములో ఎవరి పేర్లు లేవు? ఏ చికిత్సలకు ఇందులో చోటు లేదు? ఈ మాట వ్రాసినందున ఎవరికైనను డబ్బు హెచ్చుగా వచ్చునా? ఇదే సంగతిని ఇంకొక సాక్షి చెప్పుచున్నాడా? ఈ నాలుగింటికిని సమాధానము దొరికిన పిమ్మట అంకెను నమ్మవచ్చును. ఇంకొక చిన్న మాట. ఇంటిలో ఎవరైనను ఆసుపత్రి నుండి వచ్చినపుడు ఇచ్చిన కాగితములను, పరీక్షల చీటీలను, వాడుచున్న మాత్రల పేర్లను ఒక సంచిలో భద్రపరచుడు. బీమా పుస్తకము మరచిన సంగతులు ఆ సంచిలో ఉండును. రేపు చూడబోవు వైద్యునకు అవి అవసరము.

ఆ వరండాలోని ముసలామెను మేము మరువలేదు. ఆమె భర్త శస్త్రచికిత్స ఖర్చు ప్రభుత్వ పుస్తకమునకెక్కినది. దెబ్బలు తగిలినవారి లెక్కలో ఆయనయు ఒకడు. ఆ లెక్కను చూచి ప్రభుత్వము మరికొందరు ఎముకల వైద్యులను నియమింపవచ్చును; అదియు కావలసినదే. కాని ఆయన వాకిట పడకుండ ఉండవలెనన్నచో కావలసినవి నెలనెల ఊరిలోనే అందు బీపీ మాత్రలు. ఆ మాట ఏ పద్దులోను లేదు. ఆమె మాకు నోటితో చెప్పినది. ఆమె దగ్గర కూర్చుండి అడుగువారు కూడ పరిశోధకులలో ఉండవలెనని మా విన్నపము.